భోగి మంటకు ముందు ఒక్కసారి అటకెక్కి చూడండి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని పాత కరణాల, మునసబుల ఇండ్ల వారసులకు ఒక బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

ధనుర్మాసం నడుస్తోంది. కొండ మీద సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే నెల. ఇంకొన్ని దినాల్లో భోగి. ఇండ్లకు సున్నం కొడతారు, అటకలు దులుపుతారు, చిరిగిన చాపలు, విరిగిన తట్టలు ఒక మూలకు చేరుస్తారు. మీ పెద్దలు రాసిన ఊరి లెక్కల కట్టలు మంటలో వేయొద్దని అడగడానికే, మీరు ఆ పనిలో ఉండగానే ఈ ఉత్తరం మీ చేతికి అందాలని తొందరగా రాస్తున్నాను.

పోయిన భోగికి నేను చంద్రగిరి పక్కన ఒక పల్లెలో మా చెల్లెలింట్లో ఉన్నాను. ఇంకా తెల్లవారలేదు. పిల్లకాయలు పలకలు కొట్టుకుంటా మంట చుట్టూ తిరుగుతున్నారు. ఒక ఇంట్లోంచి పదేండ్ల పిల్లోడు తట్టనిండా కాగితాల కట్టలు తెచ్చి మంటలో కుమ్మరించినాడు. వెలిసిపోయిన ఎర్రగుడ్డలో చుట్టి, పురికొసతో బిగించిన కట్టలవి. గుడ్డ కాలి విడిపోగానే లోపలి అట్ట కనిపించింది. దాని మీద 'ఫసలీ', అంటే పాత శిస్తు లెక్కల సంవత్సరం, అన్న మాట, పక్కనే 13తో మొదలయ్యే అంకె. చేతిలో ఉన్న కర్రతోనే లాగాను. దక్కినవి పదకొండు ఆకులు, అవీ అంచులు కాలినవి. మిగతావి నా కళ్ల ముందే బూడిదైనాయి.

ఆ ఇంటి పెద్దామె బయటికొచ్చి, "ఏంటికమ్మా అవి? మా మామ కరణీకం చేసేటప్పటి లెక్కలు. చెదలు పట్టినాయి" అనింది. ఆమెది తప్పని నేను అనను. ఆ కట్టలు ఏండ్ల తరబడి అటక మీద చోటు నింపినాయి కానీ ఆ ఇంటికి ఒక్కనాడూ అక్కరకు రాలేదు. వాటిలో ఏముందో ఆమెకు చెప్పినవాళ్లు లేరు. నాకు మాత్రం ఎట్లా తెలుసు? మూడేండ్ల కిందటైతే నేను కూడా ఆ మంట దగ్గర నిలబడి చలి కాచుకునేదాన్నే.

మా కత చెబుతాను. కాగితాలను కాపాడమని ఊరికే అడిగితే ఎవరూ చెవిన పెట్టరు.

మా ముత్తాత, అంటే మా జేజబ్బ వాళ్ల నాయన, ఎద్దుల సంతకని బయల్దేరి మళ్లీ ఇంటికి రాలేదు. అప్పటికి మా జేజబ్బకు ఆరేండ్లు. "రంగం పోయినాడు" అని ఊళ్లో చెప్పుకున్నారు. సముద్రం దాటినవాళ్లు ఎవరైనా సరే మా పల్లెలో రంగం పోయినట్టే. రంగూనో, మలయానో, ఇంకెక్కడో ఎవరికీ తెలియదు. ఆయన గురించి ఇంట్లో మిగిలింది ఒక్క మాట. చిన్నప్పుడు మేము చెరుకు గానుగ దగ్గర ఆడుకుంటుంటే మా నాయన అరిచేవాడు: "పెనం దగ్గరికి పోవద్దు, మీ ముత్తాతకు ఎడమ కాలు కాలింది ఆ పెనం మీదనే." ఉడికే బెల్లప్పాకం మోకాలి కింద పడి తోలు ఊడి వచ్చిందంట. ఆయనకు ఫోటో లేదు, ఉత్తరం లేదు, సమాధి లేదు. ఉన్నది ఆ మచ్చ గురించిన మాటే.

నేను బడిలో లెక్కలు చెప్పిన మనిషిని. రిటైరైన తర్వాత చేతికి తీరిక చిక్కి ఆయన్ను వెతకడం మొదలుపెట్టినాను. మొదట బర్మా వైపు వెతికి ఏమీ దొరక్క వదిలేసినాను. తర్వాత తెలిసింది, మన దిక్కు నుంచి నేటాలుకు, అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలోని డర్బన్ ప్రాంతానికి, చెరుకు తోటల కూలికి పోయినవాళ్లు వేలమంది అని. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని తీసుకుని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా మొత్తం 1,52,184 మందిని అట్లా తీసుకుపోయినారు. వాళ్లలో ఎక్కువ మంది మద్రాసు రేవులో ఎక్కినవాళ్లే. ఒక్కొక్కరికి ఒక నంబరు, ఒక వరుస. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. ఆ జాబితాలను డర్బన్‌లోని విశ్వవిద్యాలయం వాళ్లు ఓపికగా కంప్యూటరులోకి ఎక్కించి అందరికీ చూసే వీలు కల్పించినారు.

అందులో నేను 'చిత్తూరు' అని వెతికినాను. మా పల్లె లేదు. నెల దినాలు వెతికినా లేదు. అప్పుడు ఒక రోజు తలకు తట్టింది, ఆయన పోయిన 1900 నాటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు కదా అని. చిత్తూరు ఊరు ఉంది, కానీ అది నార్త్ ఆర్కాట్ జిల్లాకు ముఖ్యపట్టణం. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. నార్త్ ఆర్కాట్ నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తెచ్చి కలిపినారు. మళ్లీ 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వచ్చింది. మా పల్లె ఉన్నచోటనే ఉంది, స్వర్ణముఖి ఒడ్డున. దాని జిల్లా మాత్రం రెండుసార్లు పేరు మార్చుకుంది. మీ ఇంటివాళ్లను ఎవరైనా వెతికేటట్టుంటే ఇది గుర్తు పెట్టుకోండి. ఆ నాటి జిల్లా ఏదో ఆ నాటి కాగితంలో అదే ఉంటుంది.

నార్త్ ఆర్కాట్, చంద్రగిరి అని వెతికితే వరుసలు వందల్లో వచ్చినాయి. ఊర్ల పేర్లు తెల్ల గుమాస్తా చెవికి ఎట్లా వినబడితే అట్లా రాసుకున్నవి. కంటితో చదివితే ఒక్కటీ మన ఊరు అనిపించదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూర్చుని ఒక్కొక్క పేరు గట్టిగా నోటితో చదివినాను. మూడో దినం సాయంత్రం మా పల్లె పేరు నా నోట్లోంచే వచ్చింది. ఆ వరుసలో ఉన్నది మా ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు. మా ఇంట్లో తరం విడిచి తరం పెట్టుకుంటా వస్తున్న పేర్లు అవే. వయసు 28. చివరి గడిలో ఒంటి గుర్తు: ఎడమ కాలి మీద కాలిన మచ్చ.

అప్పటికి మా నాయన పోయి పదకొండేండ్లు. ఆ మచ్చ మాట చెప్పడానికి ఆయన లేకపోయెనే అని ఏడ్చినాను.

అట్లా పోయిన కూలీల ఒప్పందం గురించి తర్వాత చదివినాను. ఐదేండ్ల కూలి. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెరిగి ఐదో ఏడుకు 14. తిండిగింజలు యజమాని ఇస్తాడు. ఐదేండ్లు అయినాక మళ్లీ ఒప్పందం కుదుర్చుకోవాలి, లేదంటే తిరిగి రావాలి, రెండూ కాదంటే తలకు ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. 1895 చట్టంతో వచ్చిన పన్ను అది. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, ఐదో ఏటి జీతంతో లెక్కేసినా నాలుగు నెలల సంపాదన పైనే. 1913లో గాంధీగారి వెంట బొగ్గు గనుల కూలీలు, తోటల కూలీలు పని ఆపింది ఆ పన్ను మీదనే, మరుసటి ఏడు దాన్ని ఎత్తేసినారు. మా ముత్తాత 1900లో ఓడ దిగినాడు కాబట్టి 1905లో ఆ మూడు దారుల్లో ఏదో ఒకటి తొక్కి ఉండాల. ఏది తొక్కినాడో ఇంకా తేలలేదు.

ఇక్కడిదాకా ఇది ముత్తాత కత. ఈ ఉత్తరం రాయించింది మాత్రం ముత్తవ్వ.

ఏడు వేల కిలోమీటర్ల అవతల కూలికి పోయిన మనిషి ఎత్తెంతో, కాలి మీద మచ్చ ఏదో నాకు తిరుపతిలో ఇంట్లో కూర్చుంటే దొరికింది. ఆయన్ను పనికి కొనుక్కున్నారు కాబట్టి రాసి పెట్టుకున్నారు. ఆరేండ్ల కొడుకును సంకన వేసుకుని ఊళ్లోనే మిగిలిపోయిన ఆమె గురించి ఎక్కడ చూడాల? ఆమె పేరు కూడా మాకు తెలియదు. జేజబ్బ 'మాయమ్మ' అనేవాడు, మా నాయన 'జేజి' అనేవాడు, ఊరు ఆమెను మొగుడి పేరు చెప్పి పిలిచేది. నలుగురు మనవళ్లను పెంచిన మనిషికి మా ఇంట్లో పేరు లేదు.

ఒక కార్యాలయానికి పోయినాను, ఐదుసార్లు. ఒకరు ఇంకొకరి దగ్గరికి పొమ్మన్నారు. ఆఖరుకు, అంత పాతవి మా దగ్గర లేవు, ఎప్పుడో పోయినాయి అన్నారు. రికార్డు గది తలుపు తీసి చూడమని అడిగితే తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. చెన్నైలో ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు కూడా పోయినాను. మద్రాసు రాజధాని నాటి కాగితాలకు అది పెద్ద గని. నార్త్ ఆర్కాట్ జిల్లా రికార్డులు, రెవెన్యూ బోర్డు ఉత్తర్వులు చూసినాను. అవి పైవాళ్ల కాగితాలు, కలెక్టరు బోర్డుకు రాసినవి, బోర్డు కలెక్టరుకు రాసినవి. ఎకరా చేను మీద బతికిన ఆడమనిషి అంత పైదాకా ఎందుకు పోతుంది? ఆమె ఉండేది ఊరి లెక్కలో. ఊరి లెక్క ఉండేది కరణం ఇంట్లో.

మా ఊరికి చివరి కరణం చేసినాయన ఇప్పుడు ఎనభై దాటినారు. తిరుపతిలో కొడుకు దగ్గర ఉంటారు. నేను పోయి విషయం చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొడుకును పిలిచి, ఊళ్లో పాతింటి తాళంచెవులు ఇమ్మన్నారు. "నేనూ వస్తానమ్మా. మీకు చదవను రాదు" అన్నారు.

నిజంగానే చదవను రాదు. అది గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా, మాటకూ మాటకూ సందు లేకుండా, ఒక అక్షరం తోక ఇంకొక అక్షరం తలకు తగిలించుకుంటా పోయే రాత. తెలుగు చదివినదాన్ని, లెక్కలు చెప్పినదాన్ని, ఒక్క వరుసలో రెండు అక్షరాలు కూడా పోల్చలేకపోయినాను. అంకెలు తెలుగు అంకెలు. భిన్నాలకు వేరే గుర్తులు. ఆయన వేలు కాగితానికి తాకించకుండా, గాలిలోనే వరుస వెంబడి నడిపిస్తా, రాగం తీసినట్టు చదువుతా పోయినారు. "ఇది మా జేజబ్బ దస్తూరి. ఈ తలకట్టు చూడండి, ఇట్లా వంచి రాసేది ఆయనొక్కడే" అన్నారు. తన తాత చేతిరాతను ఆయన చూసి కూడా చాలా ఏండ్లయినట్టుంది.

ఫసలీ లెక్క కూడా ఆయనే నేర్పించినారు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు ఏడు. ఫసలీ 1309 అంటే 1899 జులై నుంచి 1900 జూన్ వరకు. చిట్టాలో పట్టాదారు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు. అడంగల్లో ఏ చేలో ఆ ఏడు ఏం పంట వేసినారో.

మా ముత్తాత పేరు మీద ఎకరా పద్దెనిమిది సెంట్ల మెట్ట ఉంది. ఫసలీ 1309లో ఆ చేను బీడు. ఆయన వెళ్లిపోయిన ఏడు. 1310లో సద్ద. 1311లో ఉలవలు.

ఆయన చదివి ఊరుకున్నారు. నాకు మాత్రం ఊపిరి ఆడలేదు. మొగుడు పోయిన మరుసటి ఏడే ఆ చేను దున్నిందెవరు? ఎద్దుల్ని అమ్మడానికే కదా ఆయన పోయింది! ఎవరి ఎద్దుల్ని అడిగింది, ఎవరింట్లో కూలి చేసి ఆ అరక బాకీ తీర్చింది? అవన్నీ కాగితంలో లేవు. ఉన్నది ఒక్క మాట, 'సద్ద'.

వసూలు లెక్కలో ఆ శిస్తు ఎట్లా కట్టినారో ఉంది. మొత్తం ఒకటిన్నర రూపాయి కూడా లేదు. అది నాలుగణాలు, మూడణాలు, ఒకసారి అణాన్నర, ఇట్లా ఆరుసార్లుగా జమ అయింది. మా ఇంట్లో ఇన్నాళ్లూ చెప్పుకున్న కత వేరు. ఆ చేను మా ముత్తవ్వ అన్నదమ్ములు నిలబెట్టినారని, వాళ్ల దయతోనే మేము భూమి ఉన్నవాళ్లమైనామని. ఇప్పటికీ మా ఇంట్లో ఆ వైపువాళ్లకు పెండ్లిలో మొదటి తాంబూలం ఇస్తాము. ఇస్తాము, ఇక మీదా ఇస్తాము. కానీ అణాలు లెక్కపెట్టి కట్టింది ఆమె.

ఇంకో కట్టలో, ఫసలీ 1317లో, పట్టా ఆమె పేరు మీదికి వచ్చేసింది. ఫలానావాని భార్య అని రాసి, తర్వాత ఆమె పేరు. కరణంగారు ఆ పేరు చదివి తలెత్తి నా వైపు చూసినారు. ఆ పేరును నూరేండ్ల పైన మా ఇంట్లో ఎవరూ పలకలేదు. ఈ వైశాఖంలో మా తమ్ముడి మనవరాలికి పెట్టుకున్నాము.

మీ పెద్దలు ఊరికి నీళ్లెన్ని, పంటెంత, బాకీ ఎవరిది అని రాసుకున్నారు. రాజుల సంగతి శాసనాల్లో ఉంది, తిరుమల గుడి గోడలనిండా ఉంది. తెల్లదొరల సంగతి ఎగ్మూరులో ఉంది. ఓడెక్కినవాళ్ల సంగతి డర్బన్‌లో ఉంది. ఊళ్లోనే పుట్టి ఊళ్లోనే పోయిన రైతు సంగతి, అందులోనూ మొగుడు లేని ఆడమనిషి సంగతి, మీ అటక మీద తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. నకలు లేదు. మీ దగ్గరున్నదే మొదటిది, అదే చివరిది.

మీ వైపు నుంచి కూడా కొంత తెలుసు నాకు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని తీసేసింది. తరాలుగా చేసిన పని ఒక్క ఉత్తర్వుతో పోయింది. దఫ్తరం, అంటే ఊరి లెక్కల కట్టలన్నీ, అప్పగించమన్నారు. కొందరు అప్పగించినారు, కొందరి దగ్గర తీసుకునేవాళ్లే రాలేదు, కొందరు మనసొప్పక పాతవి ఇంట్లోనే ఉంచుకున్నారు. ఆ కట్టల్ని చూస్తే మీ ఇండ్లలో కొందరికి ఇప్పటికీ ఆ అవమానమే గుర్తొస్తుందని మా కరణంగారి కోడలు నాతో చెప్పింది. కరణం అంటే కతల్లో కుట్రలు పన్నేవాడే అయిపోయినాడనే బాధ కూడా మీకుంది. అదే చేత్తో ఇంకో మాట కూడా రాయాల. ఆ కలం కొందరికి అన్యాయం చేసిందని ఊర్లలో చెప్పుకునేది కూడా నిజమే. పొలం పోగొట్టుకున్న ఇండ్లు ఇప్పటికీ ఆ మాట మరిచిపోలేదు. మేలు చేసిన రాత, కీడు చేసిన రాత, రెండూ నిలవాలి. కాల్చేస్తే రెండూ పోతాయి, మిగిలేది పుకారు.

భయం కూడా ఉంటుంది. పాత పుస్తకం తెరిస్తే ఎవరో వచ్చి ఈ చేను మాదే అంటారేమో, కోర్టుకు ఈడుస్తారేమో, ప్రభుత్వ లెక్కలు ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావని అధికారి అడుగుతాడేమో. ఇది ఉత్త భయం కాదు. భూమి ధరలు తిరుపతి చుట్టుపక్కల ఎట్లా ఉన్నాయో అందరికీ తెలుసు. నేను అడిగేది అందుకే కొంచెమే. స్వాతంత్ర్యం రాకముందు నాటి కట్టల్ని మాత్రం ముందు తీయండి. ఫోటోలు మీ ఇంట్లోనే, మీ పిల్లల ఫోనుతోనే తీయించండి. అసలు కాగితాన్ని నాతో సహా ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ప్రభుత్వానికి అప్పగించాలని మీకు అనిపిస్తే ఫోటోలు తీసినాక, రసీదు రాయించుకుని అప్పగించండి.

రెండు జిల్లాల రెవెన్యూ పెద్దలు ఎవరైనా దీన్ని చదువుతుంటే వాళ్లకూ ఒక విన్నపం. పాత లెక్కలు తెచ్చి చూపించినవాళ్లను ఇన్నాళ్లూ ఎందుకు దాచినారని అడగబోమని మీరు ఒక్క మాట ప్రకటిస్తే చాలు, అటకలు వాటంతటవే తెరుచుకుంటాయి. రీసర్వే అయిన ఊర్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చేసినాయి. పాత నంబరు ఏ కొత్త నంబరైందో చూపించే పట్టికను ఊరూరా భద్రంగా నిలబెట్టండి. మా ముత్తవ్వ సద్ద వేసిన చేను ఎక్కడుందో నేను నిలబడి చూడగలిగింది ఆ పాత నంబరు వల్లనే. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో ఒక్క రాత్రి మంటల్లో ఎన్ని ఫైళ్లు పోయినాయో రాష్ట్రమంతా చూసింది. ఒక్కచోటే ఒక్కటే ఉండే కాగితానికి ఆ గతి ఎప్పుడైనా పట్టొచ్చు.

మునసబుల ఇండ్లవాళ్లకు వేరుగా చెప్పాల్సింది ఉంది. చిట్టాలో పేరుండేది పట్టా ఉన్నవాళ్లకే. మాలపల్లె, మాదిగపల్లెల్లో ఎంతమందికి పట్టా ఉండింది? జీతగాళ్లు, పాలేర్లు, కూలిజనం ఆ పుస్తకంలో కనబడరు. వాళ్ల పేర్లు రాసింది మీ పెద్దలు, జనన మరణాల పుస్తకంలో. పుట్టినా పోయినా మునసబుకు చెప్పాలి, ఆయన రాసుకోవాలి. భూమి లేనివాళ్ల ముత్తాతలకు మీ ఇంటి పుస్తకమే ఆధారం. డర్బన్ పడవలెక్కిన మనవాళ్లలో వాళ్లు చాలామంది. అక్కడి నుంచి వాళ్ల మనవళ్లు ఇప్పుడు తిరుమలకు వస్తున్నారు. పోయినేడు ఒకాయన కనబడినాడు, డెబ్బై ఏండ్లుంటాయి. తెలుగు రాదు, 'గోవిందా' వచ్చు, 'అన్నం' వచ్చు, వాళ్లవ్వ పాడిన జోలపాటలో రెండు ముక్కలు వచ్చు. చేతిలో పడవ జాబితా నకలు ఉంది. ఇదెక్కడ అని ఊరి పేరు మీద వేలు పెట్టి అడిగినాడు. ఆటోవాళ్లకు తెలియలేదు, నాకూ తెలియలేదు. శ్రీకాళహస్తి వైపు ఉండొచ్చని ఎవరో అంటే అటు పోయినాడు. దొరికిందో లేదో.

ఇక కాగితాల సంరక్షణ గురించి, నేను చేసిన తప్పు నుంచే చెబుతాను. మంటలోంచి లాగిన పదకొండు ఆకుల్లో మూడింటికి నేను ప్లాస్టిక్ టేపు అంటించినాను, చిరిగిపోకూడదని. ఆరు నెలలకు టేపు కింద సిరా పసుపు తిరిగి కరిగిపోయింది. టేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. ఎండలో ఆరబెట్టొద్దు, నీడలో గాలికి పెట్టండి. చెదలు ఉంటే గోడకు, నేలకు తగలకుండా ఎత్తు మీద ఇనుప పెట్టెలో పెట్టి, అప్పుడప్పుడూ తీసి చూడండి. గుడ్డ మార్చినా పాత గుడ్డ, పాత అట్ట పారేయొద్దు, ఊరి పేరు, ఫసలీ చాలాసార్లు వాటి మీదనే ఉంటాయి. ఫోటో తీసేటప్పుడు ముందు అట్టను తీసి, తర్వాత ఆకుల్ని వరుస తప్పకుండా తీయండి. వరుస తప్పితే చదివేవాళ్లకు దారి దొరకదు.

చదివేవాళ్లు. అది అన్నిటికంటే పెద్ద కష్టం. గొలుసుకట్టు చదవగలిగినవాళ్లు మీ ఇండ్లలోనే ఉన్నారు, అందరూ పెద్దవాళ్లు. మా కరణంగారి దగ్గర నేను, మా తమ్ముడి కూతురు శనివారం శనివారం కూర్చుంటున్నాము. ఎనిమిది నెలలైంది. నాకు ఇప్పటికి పేర్లు, పంటలు చదవను వచ్చింది, భిన్నాలు ఇంకా తడబడతాను. మా పిల్ల నాకంటే ముందుంది. మీ ఇంట్లో మామయ్యో, తాతో చదవగలిగితే ఈ సంక్రాంతికి ఇంటికొచ్చే మనవళ్లను పక్కన కూర్చోబెట్టి నాలుగు ఆకులు చదివించండి. ఆయన చదువుతుండగా ఫోనులో గొంతు పట్టుకోండి. ఆ గొంతు, ఆ ఆకు ఫోటో రెండూ కలిపి దాచుకుంటే రేపు ఇంకొకరు దాన్ని చూసి నేర్చుకుంటారు.

ఇక నా సొంత అక్కర. మా పల్లె కట్టల్లో ఫసలీ 1311 వరకు ఉన్నాయి. మళ్లీ 1317 నుంచి ఉన్నాయి. నడుమ 1312 నుంచి 1316 వరకు లేవు. 1311లో పట్టా ఆయన పేరు మీద ఉంది, 1317లో ఆమె పేరు మీద ఉంది. ఆ ఐదు ఫసలీల్లో ఏదో జరిగింది. ఆయన ఐదేండ్ల గడువు తీరింది కూడా ఆ నడుమనే. చావు కబురు వచ్చి పట్టా మారిందా? ఆయనే తిరిగొచ్చి ఆమె పేరు మీద రాయించి మళ్లీ పోయినాడా? ఇక రాడని ఆమే తేల్చుకుని కచ్చేరికి పోయి అడిగిందా? పట్టా మార్చేటప్పుడు కారణం కరణం తప్పకుండా రాసి ఉంటాడని మా కరణంగారు అంటున్నారు. ఆ పుస్తకాలు జమాబందీకి, అంటే ఏటా జరిగే శిస్తు లెక్కల తనిఖీకి, పోయి తిరిగి రాలేదో, దాయాదుల పంపకాల్లో ఇంకో ఇంటికి చేరినాయో ఆయనకు గుర్తు లేదు. వాళ్ల దాయాదులు చిత్తూరులో కొందరు, పుత్తూరు వైపు కొందరు, పాకాలలో కొందరు స్థిరపడినారంట.

వచ్చే ఫిబ్రవరిలో డర్బన్ నుంచి ఒక కుటుంబం తిరుమలకు వస్తోంది. వాళ్ల ముత్తాత కూడా మా పల్లె నుంచే, అదే ఓడలో, మా ముత్తాత తర్వాత నాలుగో వరుస. వాళ్లకు ఆ చేను గట్టు మీద నిలబెట్టి అడంగల్ చూపిస్తానని మాటిచ్చినాను.

కాబట్టి ఈ భోగికి అటక దులిపేటప్పుడు, ఎర్రగుడ్డ కట్ట చేతికి తగిలితే తట్టలో వేయకముందు అట్ట మీద అంకె చూడండి. చంద్రగిరి తాలూకా అని ఉండి, ఫసలీ 1312, 1313, 1314, 1315, 1316లో ఏది కనబడినా దాన్ని ఒక పక్కన పెట్టించండి. మా కరణంగారి దాయాదులెవరో మీకు తెలిస్తే వాళ్లకు ఈ ఉత్తరం చదివి వినిపించండి.

నమస్కారాలతో,
స్వర్ణముఖి ఒడ్డు పల్లె ఆడబిడ్డ,
తిరుపతి